నోరులేని ఓదార్పు

సంఘమువారి సంచికకు సాహిత్యవిషయమై ఒక వ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, ప్రబంధములలోని ఋతువర్ణనలను గూర్చియో, శతకములలోని లోకరీతిని గూర్చియో నాలుగు మాటలు వ్రాసి ఋణము తీర్చుకొందమని తలచితిని. కాని కొంతకాలముగా ఒక తెగ రచనలు నా మనస్సును విడువకున్నవి. దేశమునకు ఏదేని పెద్ద ఆపద కలిగినప్పుడు, అది నాయకుని హత్య కానిండు, నగరముపై దాడి కానిండు, ప్రకృతి ప్రకోపము కానిండు, దాని వెనువెంటనే ఇంటి కుక్కయో పిల్లియో తన యజమానితో పలుకుచున్నట్లు వ్రాసిన గద్యములును గేయములును బయలుదేరుచున్నవి. వీని ధోరణి ఇంచుమించుగా ఒక్కటే. మీరేల కన్నీరు కార్చుచున్నారో నాకు తెలియదు, అయినను నేనున్నాను, నా తలపై చేయి వేయుడు, రేపు మరల తెల్లవారును. చదివినవారికి కన్నులు చెమర్చును. నాకును చెమర్చినవి. చెమర్చిన పిమ్మట ఏదో మోసపోయినట్లును తోచినది. ఆ మోసము ఎచ్చట నున్నదో వెదకుటయే నేడు నేను చేయబూనిన పని.

పశువును మాటలాడించుట మనకు క్రొత్త కాదు. పంచతంత్రము చదువుకొని పెరిగిన జాతి మనది. పులి ఎదుట నిలిచి, బిడ్డకు పాలిచ్చి వత్తునని బాస చేసిన ఆవుకథను అనంతామాత్యుని భోజరాజీయమున చదివి కరగనివారు లేరు. అయితే ఆ ఆవు పలుకునది ఆవు మాట కాదు, సత్యవ్రతము మాట. వినువారికిని ఆ సంగతి తెలియును. నీతికథలో పశువు వేషము. వేషమని ఇరుపక్షములకును తెలిసిన వేషము. నేను చెప్పబోవు రచనలు అట్టివి కావు. మన యింటిలో, మన మంచము క్రింద పండుకొను కుక్క లోపల నిజముగా ఏమున్నదో చెప్పుచున్నామని అవి నమ్మించును. కావున వానిని సత్యమను ఒరపిడిరాతి మీదనే గీచి చూడవలెను.

పూర్వులు ఈ ఘట్టమును ఎట్లు నడపిరో మొదట చూతము. శ్రీరాముడు అడవికి బయలుదేరిన దినము అయోధ్యకు వచ్చినది ఒక యింటి దుఃఖము కాదు, రాజ్యమంతటి ఆపద. ఆనాడు ఏనుగులు నోటి కబళములను జారవిడిచెననియు, ఆవులు దూడలకు పాలీయకపోయెననియు వాల్మీకి చెప్పినాడు. ఇది లోకమంతయు శోకించెననుటకు కవులు వాడు పద్ధతి. ప్రతి ఏనుగు మనస్సులోను దూరి చూచితినని కవి అనుట లేదు. కాని కొంత ముందునకు పోయిన పిమ్మట వేరొక మాట వచ్చును. సుమంత్రుడు రాముని గంగాతీరమున దించి, వట్టి రథముతో మరలి వచ్చి, దశరథునితో చెప్పుచున్నాడు: రాముడు అడవికి సాగిపోవుచుండగా నా గుఱ్ఱములు వేడి కన్నీరు విడుచుచు, త్రోవన అడుగు వేయవయ్యెనని. ఈ మాట కవి తన నోట చెప్పలేదు, సారథిచేత చెప్పించినాడు. ఎవరికి వెనుకకు వచ్చుటకు కాళ్లాడలేదు? గుఱ్ఱములకా, సుమంత్రునికా? వృద్ధుడైన మంత్రి రాజు ఎదుట నిలిచి, నాకు రాబుద్ధి పుట్టలేదనలేడు. గుఱ్ఱములకు రాబుద్ధి పుట్టలేదని చెప్పినాడు. గుఱ్ఱములు ఏడ్చినవా అన్న ప్రశ్నకు ఇందు తావు లేదు. ఒక మనుష్యుడు తన దుఃఖమును దాచుకొనుటకు వాని వెనుక నిలిచినాడు. ఆ దాచుకొనుటయే మనలను కదల్చును.

తులసీదాసు దీనినే ఇంకను లోతునకు దించినాడు. ఆయన గీతావళిలో కౌసల్య కుమారునికి పంపు సందేశము ఒకటి కలదు. ఆమె తనకొరకు రమ్మనదు. భరతునికొరకు రమ్మనదు. ఒక్కసారి వచ్చి నీ గుఱ్ఱములను చూచి మరల అడవికి పొమ్మనును. అవి నీకు ప్రియమైనవని ఎఱిగి భరతుడు నూరంతలుగా వానిని సాకుచున్నాడట. అయినను మంచు తగిలిన తామరలవలె దినదినమును వాడిపోవుచున్నవట. త్రోవన పోవు బాటసారిని పిలిచి, అడవిలో రాముడు కనిపించినచో ఈ మాట చెప్పుమని, అన్నిటికంటె తనకు వీనిని గూర్చిన చింతయే పెద్దదని అనును. ఎంతటి తల్లి! పదునాలుగేండ్ల ఎడబాటున తన బాధ ఒక్క అక్షరమైనను చెప్పక, గుఱ్ఱముల మేత సంగతి చెప్పినది. ఇక్కడ మూగజీవము తల్లిని ఓదార్చుట లేదు. తల్లియే దానిని గూర్చి విచారించుచున్నది. ఆ విచారమే ఆమెకు నిలుచుటకొక ఆధారమైనది. ఈ తిరుగుడును పాఠకులు గుర్తుంచుకొనవలెనని నా మనవి.

ఇంక అశ్వఘోషుని బుద్ధచరితము. ఈ విషయమున దీనికి సాటి వచ్చు కావ్యము నేను చదువలేదు. దీని సంస్కృతమున పూర్వార్ధము మాత్రమే మనకు దక్కినది. మిగిలినది చీనా, టిబెట్టు భాషల అనువాదములవలన తెలియుచున్నది. అదృష్టవశమున కంథకుని కథ దక్కిన భాగముననే యున్నది. ఆఱవ సర్గలో సిద్ధార్థుడు గుఱ్ఱము దిగి, ఆభరణములొలిచి ఛందకుని చేతికిచ్చి, మరలి పొమ్మనును. కంథకము నాలుకతో ఆయన పాదములు నాకి వేడి కన్నీరు విడుచును. అప్పుడు ఆయన చేతితో దానిని నిమిరి, స్నేహితునితో పలుకునట్లు, ఏడువకుము, నీవు మేలుజాతి గుఱ్ఱమువని చూపితివి, ఈ నీ శ్రమకు ఫలము త్వరలో కలుగునని ఓదార్చును. చూడుడు, ఓదార్చినవాడు మనుష్యుడు. ఓదార్పు పొందినది పశువు. తండ్రిని, భార్యను, కన్నబిడ్డను విడిచి వచ్చినవాడు గుఱ్ఱమునకు మాత్రము వీడ్కోలు చెప్పవలసి వచ్చినది. నిద్రించుచున్న వారికి చెప్పరాని మాట అంతయు మేలుకొనియున్న ఈ ఒక్క ప్రాణికి చెప్పినాడని నాకు తోచును.

ఎనిమిదవ సర్గ మరుపునకు రానిది. ఒక్క రాత్రిలో పోయిన త్రోవను వారు ఎనిమిది దినములు నడిచి తిరిగి వచ్చిరి. గుఱ్ఱము ఆకలిగొనియు పచ్చికను, నీటిని ముట్టలేదు; అడవివైపు తిరిగి మాటిమాటికి సకిలించినది. కపిలవస్తు నగరమున స్త్రీలు రాకుమారుడు వచ్చెనను ఆశతో కిటికీల యొద్దకు పరుగెత్తి, వట్టి వీపుతో నున్న గుఱ్ఱమును చూచి, కిటికీలు మూసికొని ఏడ్చిరి. కంథకము రాజగృహము చొచ్చి, నీరు నిండిన కన్నులతో నలుదెసలు చూచి, బిగ్గరగా సకిలించినది. సాలలోని గుఱ్ఱములు ఆ సకిలింపు విని రాకుమారుడు వచ్చినాడనుకొని బదులు పలికినవి.

ఇంతవరకు మరొక కవియైనను వ్రాయగలడేమో. అశ్వఘోషుని గొప్పదనము ఆ తరువాత నున్నది. ఇంటికి వచ్చిన ఈ గుఱ్ఱము యశోధరకు ఓదార్పు కాలేదు. ఆమె దానిపై మండిపడినది. రాత్రివేళ దొంగవలె వచ్చి నా రత్నమును ఎత్తుకొనిపోయినది ఇదియే. నేడు ఇల్లు దద్దరిల్ల సకిలించుచున్న ఇది ఆనాడు మూగదైనదా? ఆ రాత్రి ఒక్కసారి సకిలించినచో జనులు మేల్కొందురు, నాకీ దుఃఖము తప్పునని నిందించినది. ఛందకుడు చేతులు జోడించి, తల్లీ, గుఱ్ఱమును నిందింపకుము, నన్నును నిందింపకుము, ఆనాడు దాని గిట్టలు నేలను తాకలేదు, అది దేవతల పని యని చెప్పుకొన్నాడు.

దుఃఖమున నున్నవారు మూగజీవమును దగ్గరకు తీసికొందురని మనము నేడు సులువుగా వ్రాయుదుము. దుఃఖమున నున్నవారు దానిని తన్నుదురు కూడ. బ్రతికివచ్చినది ఇది, రానివాడు వాడు అని దాని ముఖము చూడనొల్లని దినములుండును. యశోధర కోపము ఈ సత్యమును పట్టుకొన్నది. ఆ కోపమునకు కంథకమునుండి బదులు లేదు. కవి దానిచేత ఒక్క మాటయైనను పలికింపలేదు. సాంచీ శిల్పి కూడ ఈ నడతనే పాటించినాడు. అచ్చటి మహాభినిష్క్రమణ శిల్పమున గుఱ్ఱము వీపు శూన్యము. పైన ఛత్రము మాత్రము కలదు. మన అమరావతి శిల్పులును ఈ ప్రయాణమును చెక్కినారు. రాతికి మాట లేకపోవుట ఈ కథకు లోపము కాలేదు.

పాలిభాషలోని సంప్రదాయమున కంథకము స్వామి కనుమరుగు కాగానే గుండె పగిలి మరణించి దేవలోకమున పుట్టినది. విమానవత్థువను గ్రంథమున అది మౌద్గల్యాయనునితో తన పూర్వకథ తానే చెప్పుకొనును. కాని అప్పటికి అది గుఱ్ఱము కాదు, దేవపుత్రుడు. మహాభారతమున మహాప్రస్థానము చేయు పాండవుల వెంట వచ్చిన కుక్క కథను తిక్కన సోమయాజి తెనుగున మనమందరము చదివినదే. కురుక్షేత్రమున జాతియంతయు నశించిన పిమ్మట, ద్రౌపది పడిపోవగా, నకుల సహదేవులును, అర్జునుడును, భీముడును ఒక్కొక్కరే పడిపోవగా, ఆ కుక్క ధర్మజుని వెంట నడచినది. ఒక్కసారియైనను మొరిగెనని లేదు, ఆయన పాదము నాకెనని లేదు. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడన్నప్పుడు, ఆశ్రయించినదానిని విడువజాలనని ధర్మజుడు మొండికెత్తినాడు. కుక్క నోరు విప్పినది తాను ధర్ముడైన తరువాతనే. రెండు కథలలోను నియమము ఒక్కటే: మాటలాడవలెనన్నచో పశువు పశువుగా ఉండుట మానవలెను. పూర్వులు ఈ గీటు దాటలేదు.

యవనుల ఆదికావ్యమున కూడ ఇట్టి హద్దే కనిపించుట విశేషము. హోమరు ఇలియడు పదునేడవ సర్గలో, పాట్రోక్లసు చచ్చెనని తెలిసిన అఖిలీసు గుఱ్ఱములు సమాధిపై నిలిపిన రాతికంబమువలె కదలక, తలలు నేలకు వాల్చి, జూలు ధూళిలో పొరల కన్నీరు విడుచును. వానిని చూచి దేవరాజు జాలిపడి, చావులేని మిమ్ము చావు గలవానికేల ఇచ్చితిమని వగచును. ఇక్కడను ఓదార్పు పొందునవి గుఱ్ఱములే. పందొమ్మిదవ సర్గలో వానిలో ఒకటి, హీరాదేవి వాక్కునొసగగా, అఖిలీసుతో మాటలాడినది. ఏమని? నీ చావు దగ్గరపడినదని. అంతట ధర్మదేవతలు దాని నోరు మూసివేసిరి. ఒక్కసారి నోరు తెరచిన గుఱ్ఱము ఓదార్పు పలుకలేదు, ఉన్నమాట పలికినది. ఇంకొక సంగతి నాకు మిక్కిలి ఇష్టమైనది. ఇరువది మూడవ సర్గలో పందెములు జరుగుచుండగా అఖిలీసు, నా గుఱ్ఱములు పరుగెత్తవు, వాని జూలును తేటనీట కడిగి నూనె రాచిన సారథి లేడు గదా అనును. నీరు, నూనె, ఒక చేయి. గుఱ్ఱము పోగొట్టుకొన్నది వీనినే గాని గ్రీకుల మహావీరుని కాదు.

ఈ మాట దగ్గర కొంచెము నిలువవలెను. ఇంతవరకు చెప్పిన జంతువులలో పెక్కు తమ సొంత యజమానిని పోగొట్టుకొన్నవి. ఆ దుఃఖము నమ్మదగినది. సాకినవాడు లేని కుక్క మేత మానుట మన యిండ్లలో చూచినదే. జాతికి కలిగిన ఆపద వేరు. దూరపు నగరమున ఎవరినో చంపిరి, వార్త వచ్చినది, ఇంటివారు క్రుంగిరి. ఇంటి కుక్కకు ఏమియు పోలేదు. దాని యజమాని ఎదుటనే యున్నాడు, అన్నపు గిన్నె ఉన్నచోటనే యున్నది. దానికి తెలిసినదెల్ల మనుష్యుల నడత మారెననియే. ఈ భేదమును గమనింపకుండుటవలననే నేటి రచనలు పొరబడుచున్నవి. రామునికొరకు ఏడ్చిన గుఱ్ఱముల కన్నీటిని తెచ్చి, రామునెఱుగని కుక్క కన్నులలో పోయుచున్నవి.

దీనికి సాక్ష్యముగా మా యింటి సంగతి ఒకటి చెప్పుదును. మా తల్లిగారి పుట్టినిల్లు రాజపాళయము. విజయనగరపు రోజులలో వచ్చి నిలిచిన తెలుగువారి ఊరని మన సంఘమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఊరిపేరనే ఒక కుక్కజాతి కలదు. పాలవంటి తెలుపు, గులాబివన్నె ముక్కు, సన్నని నడుము. 2005లో తపాలాశాఖవారు మన దేశపు కుక్కజాతులకు వేసిన బిళ్ళలలో దీనికి చోటు దొరకినది. ఈ జాతిలో పుట్టుచెవుడు కొంత హెచ్చు. మేనికి వన్నెనిచ్చు కణములు లోచెవిలోను ఉండవలెనట. అవి లేనిచో వినికిడి పోవునని పశువైద్యులు చెప్పుదురు. మా తాతగారి కుక్క అట్టి చెవిటిది. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము వినిపించుచుండగా, దానికి రెండును ఒక్కటే. తాతగారు నేలపై మడమతో తట్టిన యదురు తెలిసి వచ్చెడిదట.

1948 జనవరి 30వ తేదీ సాయంకాలము గాంధీ మహాత్ముని చంపిరన్న వార్త రేడియోలో వచ్చినప్పుడు తాతగారు పొరుగింట నుండిరి. ఆయన రాట్నము వడికినవారు. ఇంటికి వచ్చి తిన్నెమీద కూర్చుండి రెండు దినములు లేవలేదట. కుక్క ఆయన పాదముల కడ పడియుండెనట. అవ్వ ఈ కథ చెప్పగా నేను చిన్ననాట వింటిని. కొన్నేండ్ల తరువాత విన్నప్పుడు కుక్క కూడ అన్నము మానినది. కడపటిసారి నేను వినునాటికి దాని కంట నీరు కారినది. "అది కూడా ఏడ్చినదిరా నాయనా" అని అవ్వ చెప్పుచుండగా, వాల్మీకిని చదువని ఆమె నోట సుమంత్రుని మాట వచ్చినదని నేను మురిసితిని.

అవ్వ పోయిన తరువాత ఒకనాడు పెద్దమామను అడిగితిని. ఆయన నవ్వి, "ఏడ్చుటయా? దానికి కూడు పెట్టినవాడను నేను. అంతయు నాకివేసినది" అనెను. ఆ మీదట చెప్పిన మాట ఇది. మూడవనాటి ఉదయము ఇంట ఎవరికిని దాని సంగతి తోచలేదు. అది వట్టి మట్టిచిప్పను మూతితో త్రోసికొని తిన్నెవరకు వచ్చి, తాతగారి పాదమునకు తగులునట్లు నెట్టినది. ఆయన చాలసేపు దానివంక చూచి, లేచి వంటయింటిలోనికి పోయి, దానికి కేప్పసంగటి కలిపి పెట్టి, చేయి కడుగుకొని తానును ఇంత గంజి త్రాగెనట. మా యింట శోకము విడిచినది అప్పుడు.

అవ్వ కథకంటె మామ కథ నాకు గొప్పదిగా తోచినది. చెవిటి కుక్క రేడియో వినలేదు. మహాత్ముడెవరో దానికి తెలియదు. దానికి ఆకలి వేసినది. లోకమంతయు ఆగిపోయినదని ఒక మనుష్యుడు కూర్చున్నప్పుడు, ఆగని ప్రాణి యొకటి వచ్చి చిప్పను నెట్టినది. ఓదార్పనునది ఉన్నచో అది దాని తెలియనితనములోను, దాని ఆకలిలోను ఉన్నది. నీ బాధ నాకర్థమైనదని కుక్కచేత పలికించిన మరుక్షణమున ఆ శక్తి పోవును. అది మన చుట్టుపక్కల పరామర్శకు వచ్చువారిలో ఇంకొకరు మాత్రమే అగును.

1963 నవంబరు 25న అమెరికాలో అధ్యక్షుడు కెనెడీ అంతిమయాత్ర జరిగినప్పుడు శవపేటిక వెనుక ఎక్కువాడు లేని గుఱ్ఱమును నడపించిరి. రికాబులలో పాదరక్షలు వెనుకకు త్రిప్పి పెట్టిరి. కంథకుని వట్టి వీపే మరల కనిపించినది. కాని ఆ గుఱ్ఱము, దాని పేరు బ్లాక్ జాక్, త్రోవ పొడవునను తల విదిలించుచు, గంతులు వేయుచు, పట్టిన సైనికుని నిలువనీయలేదు. జాతియంతయు తన దుఃఖమును దాని వీపుపై నెక్కించినది; అది గుఱ్ఱమువలెనే ప్రవర్తించినది. చూచినవారు మరువలేకపోయినది ఆ మచ్చికకాని నడతనే. శోకమూర్తివలె తలవంచుకొని నడిచినచో అది అలంకారముగా మిగిలెడిది.

న్యూయార్కు నగరమున 2001 సెప్టెంబరు 11న కూలిన సౌధముల శిథిలములలో బ్రతికియున్నవారిని వెదకుటకు శిక్షణ పొందిన కుక్కలను దింపిరి. దినములు గడచినను సజీవులు దొరకలేదు. దొరకినప్పుడు మెప్పు పొందుట నేర్చిన కుక్కలు నిరుత్సాహపడినవి. అప్పుడు వానిని నడపువారు తమలో నొకరిని శిథిలములలో దాచి, కుక్కచేత కనిపెట్టించి, దానిని ముద్దాడి మెచ్చుకొన్నారట. ఆ కుక్కలు అలసిన అగ్నిమాపకులకు ఊరట కలిగించినవని పలువురు వ్రాసిరి, అదియు నిజమే. కాని నాకు మనస్సున నిలిచినది ఆ దాగుడుమూత. దాదాపు మూడువేలమంది చనిపోయిన చోట, ఒక కుక్క సంతోషముకొరకు ఒక మనుష్యుడు బ్రతికి దొరకినట్లు నటించినాడు. సిద్ధార్థుడు కంథకుని నిమిరినది ఈ చేతితోనే. ఈ ఘట్టమును ఎవరైన కుక్క నోట చెప్పబూనినచో చెడిపోవును. దాగినది నటనయని కుక్కకు తెలియరాదు గదా.

అట్లని పశువుచేత మాటలాడించినవారందరును విఫలులైరని నేననను. జపానున నత్సుమే సోసెకి 1905, 1906 సంవత్సరములలో పేరులేని పిల్లి ఒకటి చెప్పుచున్నట్లు పెద్ద నవల వ్రాసినాడు. అది రష్యాతో యుద్ధము నడచిన కాలము. ఆ పిల్లి కూడ దేశభక్తి ఉప్పొంగగా, పిల్లుల దళమును కూర్చి రష్యా సైనికులను రక్కి రావలెనని కలలు కనును. యజమాని దుఃఖములను, డంబములను అది కనికరింపదు; వెక్కిరించును. పిల్లి మాట నమ్మదగినదగుట అందువలననే. పశువునకు వాక్కునిచ్చినప్పుడు అది మనలను పరిహసించుటకు పనికివచ్చును. మనలను పొగడుటకును బుజ్జగించుటకును వాడుకొన్నచో అద్దము ముందర నిలిచి మనలను మనమే ఓదార్చుకొన్నట్లగును. నేటి ఆ గద్యములలో కుక్క చెప్పునదెల్ల మీరు మంచివారు, మీ బాధ న్యాయమైనది, మీరు ప్రేమింపదగినవారు అనియే గదా. కుక్క పేరు పెట్టి యజమాని తనకు తాను వ్రాసికొన్న యోగ్యతాపత్రమది. నాకు తోచిన మోసము ఇదియే.

ఇట్టి రచనలలో ఎన్నడును కనిపింపని విషయము ఇంకొకటి కలదు. జాతీయవిపత్తులో మూగజీవము పడు పాటు. సాదత్ హసన్ మంటో టేట్వాల్ కుక్క కథలో కశ్మీరు సరిహద్దున ఎదురెదురు కొండలపైనున్న రెండు సేనల నడుమ ఒక వీధికుక్క తిరుగును. ఒకవైపువారు చపడ్ ఝున్‌ఝున్ అని పేరు పెట్టి, ఇది హిందూస్థానపు కుక్కయని అట్టముక్క మీద వ్రాసి మెడకు కట్టిరి. ఆవలివారు తమ పేరు తాము పెట్టి త్రిప్పి పంపిరి. కడకు ఇరువైపుల తుపాకుల నడుమ కుంటుచు పరుగెత్తి చచ్చినది. ఒకడు అమరుడయ్యెననెను, ఒకడు కుక్కచావు చచ్చెననెను. కుక్క ఏమనుకొన్నదో మంటో వ్రాయలేదు. అది తోక ఆడించెనని మాత్రము వ్రాసినాడు. ఇరువైపులను తోక ఆడించినది. అదియే దాని నేరము.

చెర్నోబిల్ అణుకేంద్రము 1986 ఏప్రిల్ 26న ప్రేలిన మరునాడు ప్రిపియాట్ నగరమును ఖాళీ చేయించిరి. మూడు దినములలో తిరిగి రావచ్చునని చెప్పి, పెంపుడు జంతువులను వెంట తేరాదనిరి. ఎవరును తిరిగి నివసింపలేదు. స్వెత్లానా అలెక్సియేవిచ్ 1997లో వెలువరించిన గ్రంథమున ఆ నేలమీది మనుష్యులు తమ నోటితో తమ కథ చెప్పుకొందురు. విషధూళి పట్టిన కుక్కలను, పిల్లులను కాల్చుటకు పంపిన వేటగాండ్రును అందులో మాటలాడుదురు. మనుష్యుల కంఠము విన్నంతనే ఇంటివారు వచ్చిరనుకొని కుక్కలు ఎదురువచ్చినవట. అంతటి గ్రంథమున అందరికిని నోరున్నది, కుక్కలకు మాత్రము లేదు. ఆ రచయిత్రి నోరు ఈయకపోవుట నాకు కంథకుని మౌనమంత గొప్పగా తోచినది. ఆ కుక్కలకు మాట వచ్చినచో అవి మనలను ఓదార్చునా?

ఈ వ్యాసము ముగించు నాటికి మా మేనమామ మనుమరాలు రాజపాళయమునుండి జాబు వ్రాసినది. ఇంట మరల ఒక తెల్లకుక్కను సాకుచున్నారట. దానికి చెవులు చక్కగా వినిపించునట. తెలుగున పిలిచినచో వచ్చును, తమిళమున పిలిచినచో ఎవరో పొరుగువారని మొరుగునట. తాతగారి తిన్నె ఇప్పుడు లేదు. వీధి వెడల్పు చేసినప్పుడు పోయినది. మట్టిచిప్ప ఎన్నడో పగిలినది. పెద్దమామ బ్రతికియున్నంత కాలము ప్రతి జనవరి 30వ తేదీన ఇంట ఎవరు ఉపవాసమున్నను, కుక్కకు మాత్రము వేళకు కూడు పడవలెనని పట్టుబట్టెడివాడు. ఆ అలవాటు ఇంకను సాగుచున్నదని ఆ పిల్ల వ్రాసినది. ఎందులకో ఆమెకు తెలియదు, నన్నడిగినది.